కాంటా గది రికార్డింగు

ఏం చెడిపోయినా జనం "హ్యాంగైంది" అంటారు. కరెంటు పోయినా అదే మాట, మౌసు వైరును ఎలుక కొరికినా అదే మాట, పాస్‌వర్డ్ మరిచిపోయి నాలుగుసార్లు తప్పు కొట్టినా అదే మాట. ఫోనెత్తిన మనిషి మాత్రం కోపం తెచ్చుకోకూడదు. "ముందు స్విచ్చి చూడండి సార్" అని నెమ్మదిగా మొదలుపెట్టాలి. జనగామ స్టేషన్ రోడ్డులో, ఎరువుల దుకాణం మీదున్న రెండు గదుల ఆఫీసులో సాహితి మూడేళ్లుగా ఆ మాట అంటూనే ఉంది.

యజమాని వివేక్‌తో కలిపి నలుగురే ఆ కంపెనీలో. పత్తి జిన్నింగ్ మిల్లుల కాంటాలకు సాఫ్ట్‌వేర్ చేస్తారు. ట్రాక్టరు కాంటా ఎక్కగానే దాని బరువు, కెమెరాలో బండి బొమ్మ, రైతు పేరు, వరుస నంబరు అన్నీ తెర మీద ఒక చిట్టీలాగా వస్తాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పదకొండు మిల్లులు దాన్ని వాడుతున్నాయి. అందులో సగం కోడు సాహితి రాసిందే. పెద్ద కంపెనీల్లో రాసేవాళ్లు వేరు, తిట్లు తినేవాళ్లు వేరట. ఇక్కడ ఆ రెండు ఉద్యోగాలూ ఆమెవే.

నవంబరు రెండో వారంలో భూపాలపల్లి జిల్లా చిట్యాల దగ్గరి మిల్లు యజమాని వెంకట్రాం ఫోన్ చేశాడు. ఆయన అరవడు. అరవకపోవడమే భయం.

"రోజు పన్నెండు దాటిందంటె మీ సాఫ్ట్‌వేర్ పండుకుంటుందమ్మా. అర్ధగంట లేవది. బయట రోడ్డు మీద బండ్లు నిలవడుతున్నయ్, రైతులు నన్ను తిడుతున్నరు. మా కిష్టయ్యకు కంప్యూటర్ రాక గిట్లయితుందో, మీ మిషినే గట్లుందో నాకు తెల్వది. వారం దినాలల్ల తేల్చి చెప్పుండ్రి. మిషిన్ తప్పయితె మిషిన్ తీసేస్త. మనిషి తప్పయితె మనిషిని తీసేస్త."

చెప్పడానికి ఎంత సులువు! కిష్టయ్యకు యాభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ మిల్లు కాంటా గదిలో గుమస్తా. మొదట్లో చేత్తో చిట్టీలు రాసేవాడు, కంప్యూటరు వచ్చాక రెండు వేళ్లతో కొట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడా కుర్చీ పోతే ఆ వయసులో ఇంకో కుర్చీ ఎవరిస్తారు? ఆ ప్రశ్న వెంకట్రాంకు రాలేదు. సాహితికి వచ్చింది గానీ, ఆమె పని ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కాదు, తప్పెక్కడుందో చెప్పడం.

జనగామ ఆఫీసులో ఆమె అదే సాఫ్ట్‌వేర్‌ను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపి చూసింది. ఏమీ కాలేదు. మహబూబాబాద్ మిల్లులో పనిచేసే కల్పనకు ఫోన్ చేసింది. కల్పన రోజుకు వంద బండ్లు తూస్తుంది, నోరూ చేయీ రెండూ చురుకు.

"నా తాన మంచిగనే నడుస్తుందక్కా. గంటకు ఇర్వై బండ్లు పోతున్నయ్. చిట్యాలోళ్లు ఏం జేస్తున్నరో వాళ్లనే అడుగు."

వివేక్ ఈ మాట విని కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితె మనిషి తప్పే సాహితీ. గట్లనే రాసి పంపు, ఒడిసిపోతది."

సాహితి రాయలేదు. మంచితనం అనుకునేరు, కాదు. తెలియని సంగతి రాయడమంటే ఆమెకు మహా చిరాకు, అంతే.

ఇలాంటి జబ్బులతో ఒక తంటా ఉంది. చూడ్డానికి మనం పోయినరోజు రావు. డాక్టరు దగ్గరికి పోగానే తగ్గిపోయే పంటినొప్పిలాగా ఉంటాయి. అందుకని సాహితి ఒక పద్ధతి పెట్టుకుంది. ఆ కంప్యూటరులో రెండు రికార్డింగులు ఒకేసారి నడిపిస్తుంది. ఒకటి తెర మీద జరిగేదంతా వీడియో తీస్తుంది, అంటే ఏది నొక్కారు, ఏది తెరిచారు, ఎక్కడ ఆగారు అన్నీ. రెండోది మిషిన్ లోపల ఏమవుతుందో గీతలు గీస్తుంది, అంటే మెమరీ ఎంత నిండింది, ప్రాసెసర్ ఎంత కష్టపడుతోంది, డిస్క్ ఎంత తిరుగుతోంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే గడియారం కిందికి తెస్తే ఫలానా నిమిషంలో మనిషి ఏం చేశాడో, అదే నిమిషంలో మిషిన్‌కు ఏమైందో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ఇక ఎవరూ ఎవరి మీదా నెట్టడానికి వీలుండదు.

సోమవారం పొద్దున్నే బయల్దేరి హనుమకొండలో ఒక బస్సు, పరకాలలో ఇంకో బస్సు మారి పదిన్నరకు మిల్లుకు చేరింది. గేటు లోపల ఎక్కడ చూసినా పత్తి గుట్టలే. కాంటా పక్కన తలకు తువ్వాల చుట్టుకున్న మనిషి నిలబడి గొంతెత్తి నంబర్లు పిలుస్తున్నాడు. అతని పేరు చత్రు, దగ్గరి తండా మనిషి. బండిని కాంటా మీదికి ఎక్కించడం, దించడం అతని పని. లోపల కిష్టయ్య చిట్టీ చేస్తే బయట చత్రు కేకేస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఇద్దరిదీ అదే జోడీ.

వెంకట్రాం ఆమెను తన గదిలోకి పిలిచి టీ ఇప్పించాడు. "రికార్డింగు పెట్టు. కని ఆయనకు చెప్పకు. చెప్పినవంటె జాగర్తగ జేస్తడు, తప్పు బయటపడది."

సాహితికి ఆ మాట నచ్చలేదు. నచ్చలేదు గానీ లెక్క సరిగ్గానే ఉందనిపించింది. చూస్తున్నారని తెలిస్తే మనిషి చేయి మారుతుంది, అది ఆమెకూ తెలుసు. కాంటా గదిలోకి పోయి కంప్యూటరు ముందు కూర్చుంది. కిష్టయ్య లేచి కుర్చీ ఇచ్చి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం వెడుతున్నవ్ మేడం?"

"మిషిన్ మీద లోడెంత పడుతుందో రాసుకునేది కాకా. దానంతట అదే నడుస్తది."

అబద్ధం కాదు. నిజంలో సగం. మిగతా సగం ఆమె నోట్లోనే ఉండిపోయింది. కిష్టయ్యకు ఆ సగమే చాలింది, సంబరపడ్డాడు కూడా. "మంచిగ రాసుకోమను. నేనేదో ఆగం జేస్తున్న అనుకుంటుండు పటేలు. నాకు రానిది ఏమన్న ఉంటె నేర్పు బిడ్డా, నేర్చుకుంట. కుర్చీల కెల్లి మాత్రం లేపకుండ్రి."

చివరి మాట నవ్వుతూనే అన్నాడు. సాహితి కూడా నవ్వింది. మూడు రోజులు నడిచాక రికార్డింగులన్నీ నెట్‌లో జనగామకు చేరేలా పెట్టి తిరుగు బస్సెక్కింది.

గురువారం ఆఫీసులో కూర్చుని బుధవారం వీడియో తెరిచింది. ఏడు గంటల వీడియో. నాలుగింతల వేగంతో నడిపింది, కళ్లు కుడివైపు గీత మీద పెట్టింది. తొమ్మిది గంటలకు మెమరీ గీత నేల మీద ఉంది. తొమ్మిదీ ఐదుకు ఒక మెట్టెక్కింది, తొమ్మిదీ పదకొండుకు ఇంకో మెట్టు. ఒక్కో బండికి ఒక్కో మెట్టు! ఎక్కడా దిగడం లేదు. మెట్టెక్కినచోటల్లా వీడియో ఆపి ఎడమ పక్క చూసింది. అప్పుడు దొరికింది సంగతి.

కిష్టయ్య చిట్టీ మూయడం లేదు. బండి తూచాక చిట్టీని కిందికి దించి పెడుతున్నాడు, తెర అడుగున. పన్నెండున్నరకు ఆ వరుసలో నలభై ఆరు చిట్టీలు ఉన్నాయి. పన్నెండూ నలభైకి గీత నెత్తికి తగిలింది, డిస్క్ గిరగిరా తిరిగింది, తెర గడ్డకట్టింది. కల్పన ఏ చిట్టీ అయిపోతే ఆ చిట్టీ టకీమని మూసేస్తుంది. అందుకే అక్కడ ఏమీ కాదు.

సాహితి కిష్టయ్యకు ఫోన్ చేసింది. "కాకా, తూసినంక చిట్టీ ఎందుకు మూస్తలేవు?"

"ఎట్ల మూస్త బిడ్డా? బండి ఇంక లోపట్నే ఉంటది గద. పొద్దటి బండ్లు సుత ఒంటిగంట దాటినంకనే బయటికి పోతయ్. పత్తి దింపి, కాళీ బండి మల్ల కాంటెక్కి, గేటు దాటితెనె చిట్టీ ఒడిసినట్టు. చేతితోని రాసే కాలంల సుత బండి గేటు దాటేదాంక చిట్టీని రాయి కింద వెట్టేటోన్ని. నడుమల రైతు వచ్చి నా తూకం తప్పన్నడనుకో, చిట్టీ చేతిల ఉండాలె. లోపల వారేస్తె ఏడ దేవులాడుత?"

ఎంత సబబైన మాట! మనిషికి తెలిసిన పని అది, ఇరవై రెండేళ్ల అలవాటు. కాగితాల మీద బరువు పెట్టినట్టు తెర మీదా పెట్టాడు. తప్పు పట్టడానికి అందులో ఏముంది?

అసలు తప్పు ఎక్కడుందో ఆమె సాయంత్రానికి పట్టేసింది. చిట్టీ తెరిచి ఉన్నంతసేపూ కాంటా కెమెరా బొమ్మ అందులో నడుస్తూనే ఉంటుంది, చిట్టీని కిందికి దించినా సరే ఆగదు. అంటే నలభై ఆరు చిట్టీలు ఉంటే లోపల నలభై ఆరు సినిమాలు నడుస్తున్నట్టు. దించగానే ఆపమని ఒక్క వాక్యం రాసి ఉండాల్సింది, రాయలేదు. ఆ పేజీ పైన రాసినవాళ్ల పేరుంటుంది. సాహితి పేరే ఉంది, రెండేళ్ల కిందటి తేదీతో. లేచి పోయి మొహం కడుక్కుని వచ్చింది.

వివేక్‌కు చెబితే ఆయన మొహం మాడ్చుకున్నాడు. "ఆపరేటర్ విండోలు మూయక గిట్లయిందని రాయి. అబద్ధం కాదు గద?"

"అన్నా, మూయకుంటె పడిపోయేటట్టు రాసింది నేను."

"గంత నిజం ఎవడడిగిండే నిన్ను? ఆయన మిషిన్ తీసేస్తనంటుండు."

"మిషిన్ తీస్తె ఇంకో పది మిల్లులున్నయ్ మనకు. కిష్టయ్య కాకకు ఆ ఒక్క కుర్చే ఉంది."

వివేక్ "నీ ఇష్టం, తిట్లు సుత నువ్వే తిను" అని ఫోను తీసుకుని బయటికి పోయాడు.

సాహితి ఆ రిపోర్టు కుదురుగా కూర్చుని రాసింది. తప్పు సాఫ్ట్‌వేర్‌దని, ఆపరేటరుది ఎంతమాత్రం కాదని మొదటి వాక్యంలోనే పెట్టింది. వెంకట్రాంకు కంప్యూటరు భాష రాదు కాబట్టి చూసే తీరు చిన్నపిల్లలకు చెప్పినట్టు రాసింది. ఎడమ పక్క మనిషి చేసిన పని, కుడి పక్క మిషిన్ పడిన పాట్లు, పైన గడియారం ఒక్కటే. గీత కింద ఉంటే మిషిన్ బాగున్నట్టు, నెత్తికి తగిలితే పడిపోయినట్టు. పడిపోయిన ఆ అరగంట కత్తిరించి పంపితే చాలు. కానీ కత్తిరిస్తే ఏదో దాచారని అనుమానం రావచ్చు. అందుకని బుధవారం ఏడు గంటల వీడియో మొత్తం పంపింది. పంపే బొత్తాం నొక్కినప్పుడు ఆమెకు గర్వంగా అనిపించింది, దాచడం దేనికి? ఒక మనిషి కుర్చీ నిలబెట్టానని అనుకుంది.

మర్నాడు వెంకట్రాం ఫోన్ చేశాడు. తిట్లు లేవు. "నీ తప్పు నువ్వే ఒప్పుకున్నవ్, మెచ్చుకోవాలె. మిషిన్ తీయను తీ. బాగుజేసి పెట్టు. వీడియో మిషిన్ పడిపోయిన కాడనే సూసిన, మిగిలింది తీరుబడిగ సూస్త."

"కిష్టయ్య కాకది ఏం తప్పు లేదు సార్."

"లేదు లేదు. హ్యాంగయితె ఆయనేం జేస్తడు?"

కెమెరా బొమ్మను ఆపే ఆ ఒక్క వాక్యం రాయడానికి పది నిమిషాలు పట్టింది, అది ఇంకేదీ చెడగొట్టలేదని రుజువు చేసుకోవడానికి పన్నెండు రోజులు. యాభై చిట్టీలు తెరిచి పెట్టింది, గీత కదల్లేదు. నూరు తెరిచింది, కదల్లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సాహితి మళ్లీ చిట్యాల బస్సెక్కింది.

కాంటా గదిలో కిష్టయ్య లేడు. ఆ కుర్చీలో రేగొండ నుంచి వచ్చే కొత్త అమ్మాయి ఉంది, డిగ్రీ చదివిందట, పది వేళ్లతో కొడుతోంది. "కాక సెలవా?" అని అడిగితే ఆ అమ్మాయి తలొంచుకుని "పటేల్‌నే అడగక్కా" అంది.

వెంకట్రాం ఆమెను చూసి ఆప్యాయంగానే పలకరించాడు. టీ చెప్పాడు. తర్వాత తన కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె పంపిన వీడియోనే, బుధవారానిది.

"నువ్వు సూసుడు నేర్పినవ్, గందుకే పట్టుకున్న. నా భార్య నిర్మల తమ్ముడు అజిత్ ఆ రోజు మూడు ట్రాక్టర్ల పత్తి పట్టుకొచ్చిండు. పన్నెండింటికి ఇంక తూసేటియి మిగిలిన వరుసల నాలుగు, ఐదు, ఆరు. సూస్తుండంగ పందొమ్మిది, ఇర్వై, ఇర్వయొక్కటి అయినయ్. నాలుగు గంటలు కూసున్నడు ఎండల. ఎందుకైందని అడిగితె కిష్టయ్య ఏం జెప్పిండో తెలుసా? సిస్టం హ్యాంగై నంబర్లు ఎనకకు పోయినయ్ సారూ, అన్నడు. ఇగ సూడు."

వీడియో నడిపాడు. గడియారం పన్నెండూ పది. ఎడమ పక్క మౌసు బాణం అజిత్ పేరు మీదికి వచ్చి ఆగింది. కిందికి, కిందికి, కిందికి. అజిత్ మూడు బండ్లూ వరుసలో దిగిపోయాయి. వెనకెక్కడో ఉన్న పేరొకటి పైకి ఎక్కింది.

"ఇగ నీ గీత సూడు. ఏడుంది? నెత్తికి ఇంక తగలనే లేదు గద. హ్యాంగయింది పన్నెండు నలభైకి. మరి పన్నెండు పదికి ఏం హ్యాంగు? గడియారం ఒక్కటే, నువ్వే రాసినవ్."

ఆ నిమిషం ఆమె కళ్ల ముందు నుంచే పోయింది. నాలుగింతల వేగంతో, ఏ మెట్టూ లేదని, ఆపకుండా దాటేసింది. వరుస మారిస్తే మెమరీ పెరగదు. పెరగని చోట ఆమెకు పనేం లేదు.

"ఎవర్ని ముందుకు జరిపిండో చూసిండ్రా సార్?"

"సూసిన. గట్టమ్మ అని ఒకామె. కిరాయి ఆటో ట్రాలీ. సొంత ట్రాక్టరు నిలబడితె ఏం గాదు, కిరాయి బండి నిలబడితె ఆమె మునుగుతదని జరిపిండట. అడిగితె ఒప్పుకున్నడు. అయితె? పుణ్యం జేయాలనుంటె సొంతంగ మిల్లు వెట్టుకొని జేయాలె, నా మిల్లుల కాదు. ఆ రోజు ఒక్కసారి గాదు, ఐదుసార్లు జరిపిండు. సక్కగ ఇంటికి పొమ్మన్న."

"ఇరవై రెండేండ్లు చేసిండు సార్."

"అబద్ధం జెప్పకపోతె ఇంకో పదేండ్లు జేసేటోడు" అన్నాడు వెంకట్రాం. అది కూడా నిజమే కావచ్చు, అదే మరీ మండింది సాహితికి. టీ అలాగే వదిలేసి లేచింది.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. పని చక్కగా నడిచింది. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది, గీత తొణకలేదు. బయట చత్రు నంబర్లు పిలుస్తూనే ఉన్నాడు. పోతూ పోతూ అతని దగ్గర ఆగి కిష్టయ్య ఎక్కడుంటాడని అడిగింది.

"నాకేమెరుక" అన్నాడు చత్రు, ఆమె వైపు చూడకుండా. "నాతోని మాట్లాడుతలేడు." వెంటనే తర్వాతి నంబరు కేకేశాడు, అవసరమైనదానికంటే గట్టిగా.

చిట్యాల బస్టాండులో సిమెంటు బెంచీ మీద కిష్టయ్యే కనిపించాడు. కాళ్ల దగ్గర రేషన్ సంచి. ఆమెను చూసి లేవబోతే వద్దని పక్కన కూర్చుంది.

"మిషిన్ మంచిగైందా బిడ్డా?"

"అయింది కాకా."

"నడవనీ. ఆ కొత్త పిల్ల హుషారున్నది, నడుపుతది." మళ్లీ తనే అన్నాడు. "నేను జరిపింది నిజమే. అబద్ధమాడింది సుత నిజమే. ఒక్క గింజ ఎత్తుకపోలే, ఒక్కని దగ్గర చాయి తాగలే. గట్టమ్మ బండి డ్రైవరు ఇంక ఆగ, రోడ్డు మీద కుమ్మరించి పోత అన్నడు. నాకు గది సూడబుద్ధి కాలే. దానికి పటేల్ పొమ్మన్నడంటె పొమ్మన్నడు, పోయిన. నాకు ఆ బాధ లేదు." కిష్టయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "చత్రుగాడు పటేలుకు చెప్పిండు సూడు, గది బాధ. ఆ గది కాడ ఉండేది వాడూ నేనూ. వాడు గాక ఎవడు చెప్తడు? ఇర్వై రెండేండ్లు ఒక్క టిఫిని డబ్బల కెల్లి తిన్నం. నేను చెప్పలేరా అని పిల్లల మీద ఒట్టేసిండు. నమ్మలే. మొన్న తండల వాని మనుమని పుట్టెంటికలు తీసిండ్రు. పిలిచిండు. పోలే."

పరకాల బస్సు వచ్చి ఆగింది. కండక్టరు "జల్ది ఎక్కుండ్రి" అంటున్నాడు. ఎక్కి కూర్చుంటే నాలుగు గంటల్లో జనగామ. కిష్టయ్యకు ఆ వీడియో సంగతి ఎప్పటికీ తెలియదు. వెంకట్రాం చెప్పడు, వివేక్‌కు అక్కర లేదు. ఎంత తేలిక! సాహితి బస్సును చూస్తూ కూర్చుంది. అది పోయింది.

"చత్రు చెప్పలే కాకా. నేను పంపిన."

కిష్టయ్యకు అర్థం కాలేదు. ఆమె మొదటి నుంచి చెప్పింది, లోడు ఒక్కటే రాసుకోలేదని, తెర మీద జరిగిందంతా వీడియో తీసిందని, ఆయన కుర్చీ పోకూడదనే అది మొత్తం వెంకట్రాంకు పంపిందని, పన్నెండూ పది దగ్గర వెంకట్రాం పట్టుకున్నాడని. అంతా విన్నాక కిష్టయ్య అడిగాడు.

"అంటె నేను పనిజేసేదంత సూసినవా? దినమంత?"

"గీత చూసిన కాకా" అంది సాహితి. "నిన్ను చూడలే. చూస్తె పంపకపోదును."

తిడితే బాగుండుననిపించింది ఆమెకు. ఆయన తిట్టలేదు. ఏదో పాత చిట్టీ వెతుకుతున్నట్టు చాలాసేపు రోడ్డు వైపు చూశాడు, తర్వాత సంచి చంకకు తగిలించుకుని లేచాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? నా కుర్చీ పోనే పోయింది. పా, చత్రుకు చెప్పు."

ఇద్దరూ మిల్లు దాకా నడిచారు. రెండు కిలోమీటర్ల పైనే ఉంటుంది. గేటు దగ్గర కిష్టయ్య ఆగిపోయాడు. తనను లోపలికి రానీయొద్దని వాచ్‌మన్‌కు చెప్పారట. సాహితి ఒక్కతే పోయింది. కాంటా మీద ట్రాక్టరు ఉంది, దాని వెనక పదిహేను బండ్లు. చత్రు చేయెత్తి డ్రైవరును ముందుకు, ఇంకాస్త ముందుకు రమ్మంటున్నాడు. ఆ చప్పుడులో ఆమె గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పక్కనున్న హమాలీలు కూడా విన్నారు. తన తప్పును అంత గట్టిగా చెప్పడం ఆమెకు అదే మొదటిసారి.

చత్రు చేయి కిందికి దించాడు. "మరి ఆయనేడి?"

"గేటు కాడ ఉన్నడు. లోపటికి రానిస్తలేరు."

చత్రు కాంటా వదిలేసి నడిచాడు. లోపలి నుంచి కొత్త అమ్మాయి "చత్రన్నా, తర్వాతి బండి" అని కిటికీలోంచి పిలిచింది. డ్రైవరు హారన్ కొట్టాడు. అతను వెనక్కి తిరగలేదు. సాహితి అతని వెనకే దాదాపు పరుగెత్తింది.

గేటు అవతల కిష్టయ్య సంచి కింద పెట్టి నిలబడి ఉన్నాడు. చత్రు పోయి ఆయనకు ఒక జానెడు దూరంలో ఆగాడు. చత్రు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపం మాత్రం తగ్గలేదు.

"పిల్లల మీద ఒట్టేస్తె నమ్మలేవు గదరా" అన్నాడు. "గీ పిల్ల చెప్తె నమ్మినవా?"

కిష్టయ్య తల దించుకున్నాడు. లోపల ట్రాక్టరు హారన్ ఆగకుండా మోగుతూనే ఉంది.